పన్నెండు గుమ్మాల ఇల్లు

చిరంజీవి అమ్మాయికి,

హైదరాబాద్ గోషామహల్ బారాదరి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా అర్ధరాత్రులు, పుర్రెలు, రహస్య ప్రమాణాలు. భవనం ఊసు నాలుగో పేజీ దాకా లేదు. తలుపులు మూసుకుని సభలు జరుపుకునే సోదర సంఘం ఫ్రీమేసన్లు; వాళ్ల సభాస్థలం, అదే లాడ్జి, కనబడితే చాలు, జనం భూత్ బంగ్లా అనేస్తారు. ఆ మాట పట్టుకుని నేనూ ఒకప్పుడు పది పేజీలు పాడుచేశాను. సంపాదకుడు వెనక్కి పంపుతూ "కప్పు ఎంత ఎత్తు?" అని మాత్రం రాశాడు. నా దగ్గర జవాబు లేదు.

నీ చేతిలో అంతకన్నా మంచి కథ ఉంది. ఆ కట్టడం కుతుబ్‌షాహీల చివరి సుల్తాను తానాషా కాలం నాటిది. ఆయన 1672లో గద్దెనెక్కాడు, 1687లో గోల్కొండ ఔరంగజేబు పాలైంది. గోషా అంటే పరదా; విశాఖలో ఘోషా ఆసుపత్రి అంటారే, ఆ మాటే. బారాదరి అంటే పన్నెండు ద్వారాలున్నది, నలువైపులా గాలాడే మంటపం. 1872 నుంచి అందులో మేసన్లున్నారు. ఆడవాళ్ల మరుగు పేరు మోసే చోటికి మగవాళ్లు తమ మరుగు వెతుక్కుంటూ వచ్చారన్నమాట. గాలి కోసం తెరిచిన గుమ్మాల మధ్య, తలుపు మూస్తే గాని మొదలుకాని సభ! దీన్ని వదిలేసి పుర్రె వెంట పడ్డావేమిటే?

లాడ్జి గది ఎలా అమర్చుతారో కూడా రాయి. నలుపు తెలుపు గళ్ల నేల. సూర్యుడు ఉదయించే దిక్కని లాడ్జి పెద్ద, అంటే మాస్టర్, తూర్పున; ఆయన తర్వాతి ఇద్దరు పెద్దలు, అంటే వార్డెన్లలో, ఒకరు పడమర, ఒకరు దక్షిణాన. ఉత్తరాన ఆ ముగ్గురిలో ఎవరి పీఠమూ ఉండదు. మన వాస్తు సిద్ధాంతి చూస్తే కుబేరుడి దిక్కు ఖాళీ పెట్టారేమని పోట్లాడతాడు. తలుపు బయట కత్తి పట్టుకుని కాపలాకి టైలర్ నిలబడతాడు. బట్టలు కుట్టే టైలర్ కాదని ఒక ముక్క చేర్చు, లేకపోతే పాఠకులు నవ్వుతారు. లోపల చెక్కని రాయి ఒకటి, నున్నగా చెక్కింది ఒకటి ఉంటాయి, పాతకాలపు రాతి పనివాళ్ల (మేసన్ అంటే అదే) ఆనవాళ్లుగా. వాటిని రచనకు ఉపమానం చెయ్యకు, ఆ పని ఇప్పటికే చాలామంది చేసేశారు.

మళ్లీ వెళ్లు, పొద్దున్నే. కాపలా మనిషిని దెయ్యం గురించి అడగకు. ఆ పన్నెండు గుమ్మాల్లో ఇవాళ ఎన్ని తెరుస్తున్నారో, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో అడుగు. కప్పు ఎత్తు మాత్రం మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు