పెన్షన్ సంస్కరణల నివేదిక రాస్తున్న మేనల్లుడికి

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పెన్షన్ విధానంలో తేవలసిన మార్పులపై నివేదిక రాసే బృందంలో నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. ముప్ఫయి నాలుగేళ్ళు ట్రెజరీలో పెన్షన్ బిల్లులు పాస్ చేసి, ఇప్పుడు అదే ట్రెజరీ నుంచి పెన్షన్ అందుకుంటున్నవాణ్ణి గనుక, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

జనాభా లెక్కను నివేదిక మొదట్లోనే పెట్టు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి కలిగే పిల్లల సగటు 1.7 మాత్రమే, జనాభా తరగకుండా నిలబడాలంటే అది 2.1 దగ్గర ఉండాలి. పన్ను కట్టేవాళ్ళు తగ్గి పెన్షన్ తీసుకునేవాళ్ళు పెరుగుతారన్న ఈ మాట మా పెన్షనర్ల సంఘంలో ఎవరికీ రుచించదు. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని 1982 డిసెంబర్ 17న సుప్రీం కోర్టు నకారా కేసులో చెప్పింది, ఆ తేదీనే మేము ఏటా పెన్షనర్ల దినం జరుపుకుంటాం. హక్కు నిజమే, ఖజానా లెక్కా నిజమే. రెండింటినీ ఒకే పేజీలో రాయడానికి వెనుకాడవద్దు.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది. ప్రతి ప్రతిపాదన పక్కన ఒక గడి గీసి, ఈ మార్పు ఎవరి మీద, వాళ్ళ ఏ వయసులో పడుతుందో అందులో రాయి. పాతికేళ్ళవాడికి నియమం మారిందని చెబితే సర్దుకోవడానికి ముప్ఫయి ఏళ్ళకు పైగా ఉంటాయి. యాభై ఏడేళ్ళవాడికి చెబితే కూతురి పెళ్ళికో, ఇంటి అప్పుకో వేసుకున్న లెక్క మొత్తం తలకిందులవుతుంది. అమెరికా 1983లో పూర్తి పెన్షన్ వయసును 67కు పెంచుతూ చట్టం చేసినప్పుడు, ఆ 67 పూర్తిగా వర్తించింది 1960లోనూ ఆ తరువాతా పుట్టినవారికి, అంటే అప్పటికి ఇరవైమూడేళ్ళు దాటనివారికి. జపాన్ 2004లో చందా రేటును ఏటా కొద్దికొద్దిగా పెంచుతూ 2017 నాటికి 18.3 శాతం దగ్గర ఆపేటట్లు ముందే రాసిపెట్టుకుంది. ఫ్రాన్స్ 2023లో పెన్షన్ వయసును 62 నుంచి 64కు పెంచే పనిని చట్టమైన ఏడాదే మొదలుపెట్టింది; నిరసనలతో వీధులు నిండిన సంగతి నువ్వూ చూశావు.

మన దగ్గర 2004 సెప్టెంబర్ 1న పాత పెన్షన్ ఆపి, జీతం నుంచి చందా కోసే సీపీఎస్ పెడుతూ గీసిన గీత కొత్తగా చేరేవాళ్ళకే గనుక, పద్ధతిగా చూస్తే అది తప్పు కాదు. అయితే 2003 డీఎస్సీ ఉపాధ్యాయులకు నోటిఫికేషన్ గీతకు ముందు వచ్చింది, ఉద్యోగం గీత దాటాక వచ్చింది. ఆ వివాదం ఇరవై ఏళ్ళు దాటినా నలుగుతూనే వచ్చింది. నోటిఫికేషన్ నాటి నియమమా, చేరిన నాటి నియమమా అన్నది నీ ముసాయిదాలో ఒక్క వాక్యంతో తేల్చెయ్యి.

హామీల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం అమలు చేస్తున్న ఏకీకృత పెన్షన్ పథకం, పాతికేళ్ళ సర్వీసు ఉన్నవారికి చివరి పన్నెండు నెలల మూలవేతన సగటులో సగం ఇస్తామంటోంది. మార్కెట్ రాబడి చాలకపోతే ఆ లోటు పూడ్చవలసింది ఖజానాయే. అలాంటి హామీ ఇక్కడ ఇస్తే, 2004లో పాతికేళ్ళకు చేరినవాడు 62 నిండి దిగిపోయేది 2041లో. అసలు బిల్లు అప్పటినుంచి వస్తుంది. అయిదేళ్ళ అంచనాతో సరిపెట్టకుండా, నీ పట్టిక 2041 దాటి ఇంకో ముప్ఫయి ఏళ్ళు సాగాలి.

పదవీ విరమణ వయసు పెంచడం సులువైన దారిగా కనిపిస్తుంది. 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కు పెంచినప్పుడు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునే సొమ్ము) చెల్లింపులు రెండేసి ఏళ్ళు వాయిదా పడ్డాయి, అంతే. తిరుపతిలో గది అద్దెకు తీసుకుని పరీక్షలకు చదువుకునే పిల్లలకు మాత్రం ఖాళీలు రాక పోయిన ఆ ఏళ్ళు తిరిగి రాలేదు.

మా బోటివాళ్ళ గొడవలో పడి, ఏ ఉద్యోగమూ లేకుండా ముసలివాళ్ళయినవారిని మరిచిపోవద్దు. నా పెన్షన్‌కు ధరలను బట్టి డీఆర్ (కరువు భృతి) కలుస్తుంది. చింతపండు కొట్టి గింజ తీసే కూలి మనిషికి నెల మొదట్లో ఇంటికి వచ్చే పెన్షన్ 2024 జూలై నుంచి 4,000 అయింది గాని, అది ప్రభుత్వం పెంచితే పెరిగిందే తప్ప ధరలు పెరిగినందుకు దానంతటదే పెరిగింది కాదు. ప్రైవేటు ఉద్యోగుల పెన్షన్ పథకమైన ఈపీఎస్‌లో కనీస పెన్షన్‌ను 2014లో 1,000 చేశారు, పదేళ్ళు గడిచినా ఆ అంకె కదలలేదు. ఎంత ఇవ్వాలన్నదానికన్నా, ఏటా ఏ సూత్రం ప్రకారం పెరగాలన్నది ముందు రాయి.

రికార్డుల సంగతి ఒక్క మాట. నేను పనిచేసిన ఒకచోట, సర్వీసు రిజిస్టరులో రెండేళ్ళ ఎంట్రీ దొరకక ఒక అటెండరు ఏడాదికి పైగా యాంటిసిపేటరీ (లెక్క తేలేదాకా ఇచ్చే తాత్కాలిక) పెన్షన్‌తోనే గడిపాడు. సీపీఎస్‌లో జీతం నుంచి కోసిన సొమ్ము ఆలస్యంగా ఖాతాలో పడితే, ఆ నెలల రాబడి పోయేది ఉద్యోగికే. ఆలస్యానికి వడ్డీ ఎవరు కట్టాలో కూడా నిర్ణయించు.

పట్టిక తయారైతే కాగితం మీద పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి పంపించు. ఫోనులో అంకెలు నా కళ్ళకు ఆనవు.

ఇట్లు,
మామయ్య