పల్సర్ పీరియడ్ రోజుకో రకంగా వస్తోందంటే

ఉస్మానియాలో ప్రాజెక్టు చేస్తూ మీరు అడిగింది ఇదీ: స్విఫ్ట్ జే0243.6+6124 పల్సర్ (తన చుట్టూ తాను తిరుగుతూ ఎక్స్‌రే పల్సులు పంపే న్యూట్రాన్ నక్షత్రం) 2017 విస్ఫోటం (ఉన్నట్టుండి బాగా ప్రకాశించడం) డేటాలో ఒక్కో రోజు ఒక్కో పీరియడ్ (పల్సుకీ పల్సుకీ మధ్య సమయం) వస్తోంది, కోడ్ తప్పా అని. టెన్షన్ పడకండి, కోడ్ బాగానే ఉండొచ్చు. ఆ నక్షత్రం నిజంగానే కదులుతోంది.

ముందు బేరీసెంటర్ సవరణ, అంటే పల్స్ రాక సమయాలను సౌరకుటుంబ ద్రవ్యరాశి కేంద్రం దగ్గరి లెక్కకు మార్చడం, చేశారో లేదో చూడండి. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్లే పల్స్ రాక ఏడాదిలో 8 నిమిషాల దాకా అటూ ఇటూ జరుగుతుంది. ఆ తర్వాతే జంట కక్ష్య సవరణ. చాలామంది దీన్ని వదిలేస్తారు, మీ చిక్కు కూడా ఇక్కడే ఉందనుకుంటున్నాను. ఈ పల్సర్ దాదాపు 28 రోజులకోసారి తోడు నక్షత్రం చుట్టూ తిరుగుతుంది. మన వైపు వచ్చేటప్పుడు, దూరం పోయేటప్పుడు, అంబులెన్స్ సైరన్ మారినట్టే, 9.8 సెకన్ల పీరియడ్ సుమారు 3 మిల్లీసెకన్లు అటూ ఇటూ మారుతుంది. మీ గ్రాఫులో తేడా ఆ స్థాయిలోనే ఉంటే కారణం అదే. కక్ష్య వివరాలు ఫెర్మీ జీబీఎం (ఫెర్మీ ఉపగ్రహం మీది గామా కిరణాల పరికరం) బృందం పల్సర్ పేజీలో దొరుకుతాయి.

అది తీసేశాక కూడా పీరియడ్ తగ్గుతూనే ఉంటే సంతోషించండి! తోడు నక్షత్రం నుంచి పడుతున్న పదార్థం న్యూట్రాన్ నక్షత్రాన్ని నిజంగానే వేగంగా తిప్పుతోందన్నమాట. కాబట్టి ఫోల్డ్ చేసేటప్పుడు (డేటాను పీరియడ్ ముక్కలుగా కోసి ఒకదానిమీద ఒకటి పేర్చేటప్పుడు) పీరియడ్‌తో పాటు దాని మార్పు రేటు కూడా ఇవ్వండి, లేకపోతే పల్స్ అలికేసినట్టు కనిపిస్తుంది.

స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎంత కాంతి వస్తోందో చూపే గ్రాఫు) మాత్రం మొత్తం విస్ఫోటానికి కలిపి ఒక్కటే తీయొద్దు. కాంతి స్థాయిని బట్టి విడివిడిగా తీయండి, పల్స్ ఆకారం కూడా దాంతోపాటే మారుతుంది.