కౌంటర్ వెనక కూర్చోబోయే ముందు

చిరంజీవి శ్రావణికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ట్రైనింగ్ అయిపోయిందనీ, వచ్చే నెల నుంచి ఇమిగ్రేషన్ కౌంటర్లో కూర్చుంటావనీ మీ నాన్న చెప్పాడు. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ట్రైనింగులో చెప్పని సంగతులు కొన్ని రాస్తున్నాను.

మనిషి నీ ముందుకొచ్చేసరికే సగం పని జరిగిపోయి ఉంటుంది. వీసా ఇచ్చింది వేరే ఆఫీసు. ప్రయాణికుల జాబితా ఎయిర్‌లైన్ ముందే పంపింది, దాన్ని వాచ్‌లిస్టుతో, అంటే కన్నేసి ఉంచాల్సినవాళ్ల పేర్ల జాబితాతో, సరిపోల్చింది ఇంకెవరో. పత్రాలు లేనివాళ్లను ఎక్కిస్తే చాలా దేశాల్లో ఎయిర్‌లైన్‌కే జరిమానా. కాబట్టి చెకిన్‌లో ఉన్న అమ్మాయి కూడా, మన జీతం తీసుకోకపోయినా, మన పనే చేస్తోంది. అయినా వీసా ఉందని లోపలికి పంపి తీరాలని లేదు. పంపాలా వద్దా అన్నది తేల్చి చెప్పాల్సింది నువ్వే.

పైవాళ్లు రోజూ అడిగేది క్యూ గురించే. క్యూ అందరికీ కనిపిస్తుంది, వదిలేసిన తనిఖీ ఏదైనా జరిగేదాకా కనిపించదు. బ్రిటన్‌లో 2011లో క్యూలు తగ్గించడానికి కొన్ని తనిఖీలు సడలించారని బయటపడి పెద్ద రభసైంది. మరుసటి ఏడు సరిహద్దు తనిఖీల విభాగాన్ని అక్కడి బోర్డర్ ఏజెన్సీ నుంచి విడదీశారు. 2008లో పెట్టిన ఆ ఏజెన్సీనే 2013లో రద్దు చేశారు. అమెరికా 2003లో కస్టమ్స్, ఇమిగ్రేషన్, వ్యవసాయ తనిఖీ వాళ్లను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఒకచోట కలుపుతారు, ఒకచోట విడదీస్తారు. ఆఫీసు పేరు మారినా కౌంటర్లో కూర్చునేది చాలావరకు పాతవాళ్లే. నీ సర్వీసులోనూ ఒకసారైనా మారుతుంది, దానికి టెన్షన్ పడకు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. రాకూడనివాడు లోపలికొస్తే పేపర్లో పడుతుంది. రావలసినవాణ్ణి తిప్పి పంపితే వాడి గోడు వినేవాళ్లుండరు. అందుకే ఏ ఆఫీసైనా మెల్లగా 'కాదు' వైపు ఒరుగుతుంది. ఎవరో చెడ్డవాళ్లై కాదు, భయం ఒకవైపే ఉంటుంది కాబట్టి.

ఒక రాత్రి ఒకావిడను రెండో తనిఖీకి, అంటే పక్కన కూర్చోబెట్టి విడిగా ప్రశ్నించేచోటికి, పంపుతూ 'అనుమానంగా ఉంది' అని మాత్రం రాశాను. నా డ్యూటీ అయిపోయింది, వెళ్లిపోయాను. తర్వాత వచ్చినవాడికి ఏం అడగాలో తెలియలేదు. చంటిపిల్లతో ఆవిడను నాలుగు గంటలు కూర్చోబెట్టాడు. నిజానికి ఆవిడ తిరుగు టికెట్టు తేదీ తప్పు చెప్పింది, అంతే. ఆ తేదీ రాసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. నీకేం అనిపించిందో కాదు, ఏం అడిగావో, ఏం చెప్పారో రాయి. నువ్వు ఇంటికి వెళ్లాక నీ తరఫున మాట్లాడేది ఆ రెండు లైన్లే.

వాచ్‌లిస్టులో పేరు కలిస్తే ముందు పుట్టినతేదీ చూడు. ఒకే పేరున్నవాళ్లు నువ్వు అనుకునేదానికంటే చాలా ఎక్కువ.

కొత్తవాళ్లకు రాత్రి షిఫ్టులే వేస్తారు. పావుగంట ముందు వెళ్లి, డ్యూటీ దిగిపోయేవాళ్ల దగ్గర ఎవరెవరు ఆగి ఉన్నారో, ఎందుకో నోటితో అడిగి తెలుసుకో. రిజిస్టర్లో అన్నీ ఉండవు.

ఇట్లు,
మీ పెద్దనాన్న