వలసలు, రాజకీయ తీవ్రవాదం మీద నవ్వించే గూఢచారి సినిమా తీయొచ్చా?

తీయొచ్చు. కథ వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ళు డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో 2015లో వీసా మోసాలు పట్టుకోవడానికి 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' అని ఒక దొంగ యూనివర్సిటీ తెరిచారు. వెబ్‌సైటు, లోగో, లాటిన్‌లో నినాదం అన్నీ పెట్టారు. పాఠాలు లేవు, పాఠం చెప్పేవాళ్ళూ లేరు. అక్కడి అధికారులంతా మారువేషంలో ఉన్న ఏజెంట్లే. దాదాపు 600 మంది చేరారు, అందులో మన తెలుగు పిల్లలు చాలామంది. 2019 జనవరి 30న అరెస్టులు మొదలయ్యాయి.

ఆ వారం నేను మిషిగన్‌లోనే ఉన్నాను. బయట ఎముకలు కొరికే చలి. మా రూంలో నలుగురం. అందులో ఖమ్మం కుర్రాడొకడు ఆ యూనివర్సిటీలో చేరాడు. ఉద్యోగ వీసా (హెచ్-1) లాటరీలో రెండుసార్లు పేరు రాలేదు. మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతూ పనిచేసే అనుమతి) ఇస్తారు, ఉద్యోగం చేసుకోవచ్చు, వీసా స్టేటస్ పోదు అని ఎవరో సీనియర్ చెబితే ఫీజు కట్టేశాడు.

రాత్రి తొమ్మిదింటికి ఎవరో తలుపు కొట్టారు. గబగబా లైట్లు ఆర్పేశాం. వాడు బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పప్పు పెట్టిన కుక్కర్ విజిల్ వేసింది. లేచి స్టవ్ కట్టేయడానికి ఎవరికీ కాళ్ళాడలేదు. రెండోదీ వేసింది. బయటి నుంచి పై ఫ్లోర్ అబ్బాయి గొంతు: "అన్నా, తోడుకి కొంచెం పెరుగుందా?"

ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. వాడు మాత్రం పది నిమిషాలకి గానీ గడియ తీయలేదు. స్వెట్టర్ మీద కోటు తొడుక్కుని, జేబులో పాస్‌పోర్టు పెట్టుకుని కూర్చున్నాడు. పట్టుకెళ్తే బయట చలికి ఆగాలి కదా అన్నాడు.

సినిమా ఎవరు తీసినా ఆ కోటు చూపించాలి. నవ్వేదేదో ఆ ఏజెంట్లని చూసి నవ్వాలి. లాటిన్ నినాదం ఖరారు చేసిన మీటింగ్ ఒక్కటి తీస్తే చాలు, హాలంతా పడీపడీ నవ్వుతుంది. మన సినిమాల్లో అమెరికా కుర్రాడంటే యాస మీద జోకులే. చూసీ చూసీ విసుగొచ్చింది.

ఇక తీవ్రవాదం సంగతి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత‌లో "నా దేశం నుంచి వెళ్ళిపో" అని అరుస్తూ తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. అప్పటినుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "బయట తెలుగులో మాట్లాడకు నాన్నా" అనేది. తలుపు చప్పుడుకి మేమంతగా బిగుసుకుపోయింది అందుకే. అలాంటి హంతకుణ్ణి కమెడియన్‌గా చూపిస్తే ఆ సినిమా నేను చూడను.

"క్లాసులు లేవని తెలిసే చేరారుగా" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ యూనివర్సిటీని గుర్తింపు ఉన్నవాటి జాబితాలో పెట్టించింది ప్రభుత్వమే, ఫీజులు వసూలు చేసిందీ ప్రభుత్వమే. ఆ ఫీజుల కోసం విద్యార్థులు వేసిన దావా నడవొచ్చని 2024లో అక్కడి అప్పీల్ కోర్టే చెప్పింది.

మావాడు ఫిబ్రవరిలోనే టికెట్ కొనుక్కుని వచ్చేశాడు. కోటు నాకిచ్చేశాడు, ఖమ్మంలో దీన్నేం చేసుకుంటానంటూ.