ఆ అర్జీని ముందు కదిలించండి

కోనసీమ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వయసు 48. నీటిపారుదల శాఖలో ఇంజనీరు, గోదావరి మధ్య డెల్టాలో కొన్ని కాలువలకు అధికారి. భర్త లెక్చరర్, కూతురు హైదరాబాద్‌లో చదువుకుంటోంది. "ఆఫీసులో నేను తక్కువ మాట్లాడతాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు కూడా ఏటిగట్టు మీద ఎవరినీ ఒక్క మాట గట్టిగా అనకుండా పని చేయించాను. అలాంటిదాన్ని ఒక మధ్యాహ్నం నా చాంబర్‌లోనే డీలా పడిపోయాను" అని మొదలుపెట్టారు.

ఆ మధ్యాహ్నం కాలువ శివారు రైతులు తమ చేలకు నీళ్లు అందడం లేదని అర్జీ పట్టుకొని వచ్చారు. వాళ్లకు ముందు నిలబడ్డ మనిషి, కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆమె పెళ్లి చేసుకోవాలనుకున్నవాడు. చదువవగానే కువైట్ వెళ్ళాడు. తర్వాత ఒక్క ఉత్తరం ముక్క లేదు. ఇప్పుడు తిరిగొచ్చి సొంతూళ్లో వ్యవసాయం చూసుకుంటూ నీటి సంఘం అధ్యక్షుడయ్యాడు. అందరిముందూ "మేడమ్" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఒక్కడూ వెనక ఆగి, ఆమెను ఇంట్లోవాళ్లు పిలిచే పేరుతో పిలిచి, "ఒక్కసారి మాట్లాడాలి" అన్నాడు. ఆ సాయంత్రం సమీక్షలో ఆమెకు నోట్లో లెక్కలు తడబడ్డాయి. కుర్ర ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) మీద అందరిలో అరిచారు. అప్పటినుంచీ నిద్ర లేదు, గుండె దడ. అర్జీ వారాల తరబడి సొరుగులోనే ఉంది. "సంతకం పెడితే అతని కోసం పెట్టినట్టు, పెట్టకపోతే కక్షతో ఆపినట్టు అనిపిస్తోంది. మావారికి ఏమీ తెలియదు. నేను చెడ్డదాన్నా? బదిలీకి పెట్టుకోనా?" అని అడిగారు.

అమ్మా, మీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఆ సొరుగు తెరవండి.

దాళ్వా (రబీ వరి) చేలు ఇప్పుడు పొట్ట మీద ఉండి ఉంటాయి. ఈ దశలో తడి తగ్గితే కంకిలో తాలు ఎక్కువైపోతుందని మీకు నేను చెప్పాలా? పైవాళ్లు వాడుకోగా మిగిలిందే శివారుకు చేరుతుంది. సముద్రానికి దగ్గర చేలల్లో మంచినీళ్లు తగ్గితే ఉప్పు పైకి వస్తుంది. ఎగువన సీలేరు జలాశయాల నుంచి వచ్చే నీళ్లను నమ్ముకొని నాట్లు వేసిన ఆ రైతులకు మీ పాత కథతో ఏ సంబంధమూ లేదు. కొంచెం కటువుగానే చెబుతున్నాను. మీరు తట్టుకోగలరని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. పైగా మీ టెన్షన్‌లో సగం ఆ కాగితం దగ్గరే ఉంది.

ఇది మీరు ఒంటరిగా మోయనక్కర్లేదు. మీ కింది డీఈ (డిప్యూటీ ఇంజనీరు)గారిని పంపి కాలువ లాకుల దగ్గర నీటిమట్టం గేజి రీడింగులు తీయించండి. వంతు ప్రకారం నీళ్లు దిగాయా లేదా, పైన ఎవరైనా అడ్డుకట్టలు వేశారా, మోటార్లు పెట్టి చెరువులకు తోడుకుంటున్నారా, అంతా కాగితం మీద పెట్టించండి. అది చూశాక వేరే ఏ కాలువ రైతులు వచ్చినా ఏం చేసేవారో అదే చేయండి. ఫైలు పంపేముందు మీ పై అధికారి ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు)గారితో ఒక్క మాట అనండి: "ఆ సంఘం అధ్యక్షుడు నాకు చదువుకునే రోజుల నుంచి తెలుసండి. ఈ నిర్ణయం మీరు కూడా ఒకసారి చూస్తే నాకు నిశ్చింత." అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పనక్కర్లేదు. అందులో అబద్ధం లేదు, మీ సొంత విషయం బయటపడేదీ లేదు. రేపు ఎవరైనా వేలెత్తి చూపినా మీరు ముందే చెప్పినట్టవుతుంది.

అతని మీద మళ్ళీ మనసు పోతుందేమోనని మీరు భయపడుతున్నారు. నాకు మీ ఉత్తరంలో అది ఎక్కడా కనపడలేదు. నాకు కనపడిన ప్రమాదం వేరు. పక్షపాతం చూపించారని ఎవరూ అనకూడదనే పట్టుదలతో మీరు ఆ ఊరికి అన్యాయం చేసేటట్టున్నారు. అతనికి మేలు చేయాలని నీళ్లు వదలడం ఎంత తప్పో, అతన్ని దూరం పెట్టాలని నీళ్లు ఆపడమూ అంతే తప్పు. రెండు విధాలా నిర్ణయం అతని చుట్టూనే తిరుగుతుంది.

ఇక మీరు అంతగా ఎందుకు చలించారన్నది. ఉత్తరం మధ్యలో ఒక వాక్యం రాసి చప్పున వేరే సంగతికి వెళ్ళిపోయారు: "ఆ ఏడాదంతా పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్ వినపడితే గుమ్మంలోకి వచ్చేదాన్ని." నేను అక్కడే ఆగిపోయాను. అతను వద్దన్నా బావుండేది, ఏడ్చి ఊరుకునేవారు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఎవరికీ చెప్పుకోకుండా పెళ్లిపీటల మీద కూర్చున్నారు, ఉద్యోగంలో చేరారు, బిడ్డను పెంచారు. మగవాళ్ల మధ్య పనిచేస్తూ నెగ్గుకురావడానికి గంభీరంగా ఉండటం అలవాటు చేసుకున్నారు. ఆ గంభీరం మీకు గౌరవం తెచ్చింది. కానీ అప్పటి చిన్నపిల్లగా మీరు గుమ్మంలో పడ్డ అవమానాన్ని ఇన్నేళ్లలో ఒక్కరితోనైనా చెప్పుకొనే చోటు మీకు దొరకలేదు. ఇప్పుడు అదే మనిషి, ఏమీ జరగనట్టు, ఆ పేరుతో పిలిచాడు. చలించడంలో చెడ్డతనం ఏముంది?

సమీక్షలో లెక్కలు తప్పడానికీ కారణం ఉంది. ముఖంలో ఏమీ కనపడకుండా బిగబట్టుకుంటే లోపలి బాధ తగ్గదు, పైగా ఎదుట జరుగుతున్నది గుర్తుండటం తగ్గుతుందని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసిన పరిశోధనల్లో తేలింది. ఒక ఆలోచనను బలవంతంగా తోసేస్తే అది మరింతగా తిరిగి వస్తుందని డేనియల్ వెగ్నర్ 1987లోనే చూపించారు. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెబితే, ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకు పదేపదే అదే గుర్తొచ్చింది. మీరు రాత్రిళ్లు చేస్తున్నది అదే పని.

కాబట్టి తోసేయకండి, రాయండి. వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తలుపేసుకొని, ఆ ఏడాది ఏం జరిగిందో, మీకు ఏమనిపించిందో కాగితం మీద పెట్టండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే ఆయన 1980లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. రాసిన వెంటనే మనసు ఇంకాస్త బరువెక్కవచ్చు, తర్వాతి రోజుల్లో చాలామందికి తేలికపడుతుంది. మరీ భరించలేకపోతే ఆపేయండి. ఫోన్‌లో మాత్రం రాయకండి, పొరపాటున ఎవరికైనా వెళ్ళిపోతే కొత్త తలనొప్పి. రాసింది అతనికి ఇవ్వడానికి కాదు. అయిపోయాక చింపేయండి.

అతనితో మాట్లాడాలా? సంఘం అధ్యక్షుడిగా వచ్చే హక్కు అతనికి ఉంది. 1997 నాటి నీటి సంఘాల చట్టంతో రైతులకు కాలువల నిర్వహణలో భాగం ఇచ్చాం, మీరు తలుపు మూయలేరు, మూయకూడదు. పగటిపూట, ఆఫీసులో, డీఈగారో మిగతా రైతులో ఉండగా, నీళ్ల గురించి ఎంతసేపైనా మాట్లాడండి. ఆ పాత పేరుతో పిలిచే హక్కు మాత్రం అతనికి లేదు. మళ్ళీ పిలిస్తే, "ఇక్కడ నన్ను మేడమ్ అనే పిలవండి" అని మామూలు గొంతుతో చెప్పండి. "ఒక్కసారి మాట్లాడాలి" అన్నది అతని అవసరం. బహుశా క్షమాపణ చెప్పి తన బరువు దింపుకోవాలనుకుంటున్నాడేమో. దాన్ని మీరు తీర్చి తీరాలని ఎక్కడా లేదు. "అప్పుడు ఎందుకు రాయలేదు?" అని అడగాలని మీకే ఉంటే అది వేరు సంగతి. కానీ అతను ఏ కారణం చెప్పినా మీ ఆ ఏడాది తిరిగి రాదు. అతని పని మీ బల్ల మీద ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న అడగకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఇద్దరిలో ఒకరు అధికారి, ఒకరు అర్జీదారు అయినప్పుడు ఆ మాటల్లో నిజం ఎంతో మీకే తెలియదు.

మీవారికి చెప్పమనే అంటాను. ఆయన నెమ్మదస్తుడని, మీ వరద డ్యూటీల్లో ఇల్లంతా తనే చూసుకున్నారని మీరే రాశారు. అలాంటి మనిషికి లాకుల దగ్గర టీ బడ్డీ నుంచి ఈ కబురు చేరకూడదు. మన ఊళ్లల్లో ఎవరి మేనత్త ఎవరికి తోడికోడలో చెప్పలేం, కాలేజీ రోజుల సంగతి తెలిసినవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారు. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఏడుస్తూ మొదలుపెట్టకండి. "ఏవండీ, చదువుకునేప్పుడు నేను పెళ్లి చేసుకోవాలనుకున్న అతను మొన్న రైతులతో ఆఫీసుకి వచ్చాడు. నాకు చాలా కష్టంగా అనిపించింది, మీతో చెప్పుకోవాలనిపించింది" అంటే చాలు. ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. బాధపడనివ్వండి. అడిగినదానికి నిజం చెప్పండి, అడగని వివరాలు పోగెయ్యకండి.

ఆ ఏఈ సంగతి చిన్నదిగా చూడకండి. అందరిలో తిట్టారు కాబట్టి అందరిలోనే చెప్పాలి. వచ్చే సమీక్ష మొదట్లో, "ఆ రోజు నేను అలా మాట్లాడాల్సింది కాదు, తప్పు నాది" అని, వెంటనే పనిలోకి వెళ్ళిపోండి. కారణాలు చెప్పొద్దు. మీరు పలచనైపోతారని భయపడుతున్నారు. అంత పెద్ద అధికారి తన నోటితో ఆ మాట అంటే ఆ కుర్రాడు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ గుర్తుపెట్టుకుంటాడు.

నిద్రపట్టకపోవడం, గుండె దడ, ఇవన్నీ మనసు మీదికే తోసేయకండి. మీ వయసులో నెలసరి ఆగే ముందు మార్పుల వల్లా, థైరాయిడ్ వల్లా కూడా ఇవి వస్తాయి. డాక్టరును కలిసి బీపీ, థైరాయిడ్ చూపించుకోండి. రాత్రిళ్లు మరీ భారంగా ఉంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళప్పుడైనా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

బదిలీకి ఇప్పుడే పెట్టుకోకండి. పంట మధ్యలో అధికారి మారితే నష్టపోయేది మళ్ళీ ఆ శివారువాళ్లే. మీరు కూడా అతన్ని తప్పించుకొని పారిపోయానన్న మాట మనసులో పెట్టుకొని వెళతారు. దాళ్వా కోతలు పూర్తయి, మరమ్మతులకు కాలువలు మూసేశాక తీరిగ్గా ఆలోచించండి. అప్పటికీ వెళ్లాలనే ఉంటే, మీవారితో మాట్లాడుకొని అప్పుడు అడగండి.