తోక కింద తెలుపు ఒక్కటే చాలదు

చెరువులో టఫ్టెడ్ డక్‌ల (తల వెనక పిలక ఉండే బాతుల) మధ్య ఒక ముదురు గోధుమరంగు బాతు కనిపించిందని, తోక కింద తెల్లగా ఉంది కాబట్టి రాగిరంగు ఒంటి ఫెర్రుజినస్ డక్ అనుకోవచ్చా అని మీరు ఫొటో పంపి అడిగారు. ఆ ఒక్క గుర్తు చూసి నేనైతే అవుననను. ఒకసారి అలా అనే నాలుక కరుచుకున్నాను.

నాలుగేళ్ల కిందట డిసెంబరులో, సంగారెడ్డి వైపు ఒక చెరువు కట్ట మీద నుంచి తీసిన ఫొటోను మా పక్షుల గ్రూపులో గొప్పగా పెట్టాను. కాసేపటికి ఒక పెద్దాయన, "కన్ను చూశావా బాబూ?" అని మాత్రం అడిగారు. పెద్దది చేసి చూస్తే పసుపుపచ్చ కన్ను, తల వెనక చిటికెడు పిలక. ఆడ టఫ్టెడ్! వాటిలో కొన్నింటికి తోక కింద తెల్లగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ముందు కన్ను చూడండి. ఫెర్రుజినస్‌లో మగదాని కన్ను తెల్లన, ఆడదానిది ముదురు గోధుమ. పసుపైతే ఆశ వదులుకోవచ్చు. తర్వాత ముక్కు. టఫ్టెడ్ ముక్కు కొస సిరాలో ముంచి తీసినట్టు వెడల్పుగా నల్లగా ఉంటుంది. ఫెర్రుజినస్‌కు కొసన చిన్న నల్ల చుక్కే. దీని తలకు పిలక ఉండదు, నడినెత్తి మాత్రం ఎత్తుగా లేచి ఉంటుంది. ఒంటి రంగును నమ్ముకోవద్దు, ఎదురెండలో రాగిరంగు కూడా నల్లగానే కనిపిస్తుంది.

అసలుది రెండేళ్ల తర్వాత అదే చెరువులో దొరికింది. నడినీటిలో కాదు, జమ్ము పక్కన, ముక్కు వీపు ఈకల్లో దూర్చుకుని నిద్రపోతోంది. నలభై నిమిషాలు కూర్చున్నాను, చీమలు కుడుతున్నా కదల్లేదు. చివరికి లేచి నీటి మీద నిలబడినట్టై రెక్కలు విదిల్చింది. రెక్క పొడవునా చివరిదాకా తెల్లటి పట్టీ, పొట్ట మీద తెల్ల మచ్చ, తోక కింద సున్నం కొట్టినంత తెలుపు. ఆ తెలుపులో మరక లేదు.

దీనికి దగ్గరి పోలిక ఉన్న మరో బాతు, బేయర్స్ పోచార్డ్ కావచ్చా అని కూడా అడిగారు. అది 2012 నుంచి అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. మన దేశంలో శీతాకాలంలో కనిపించేది ఎక్కువగా ఈశాన్యంలోనే. దానికి పొట్ట తెలుపు పక్కలకు ఎగబాకి, ఈదుతున్నప్పుడూ నీటి పైన కనిపిస్తుంది. మగదాని తల మీద పచ్చని మెరుపు ఉంటుంది. మీ ఫొటోలో పక్కలు మొత్తం గోధుమరంగే, కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. కన్ను మాత్రం నీడలో పడింది. రేపు పొద్దున సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా తూర్పు గట్టు మీద నిలబడి ఇంకోసారి తీయండి.