డిగ్రీలో ఆంత్రోపాలజీ మేజరా, మైనరా?

ఇంటర్ హెచ్‌ఈసీ అయింది, ఆంత్రోపాలజీ మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా తీసుకుంటానంటే ఇంట్లో "కోతుల చదువా?" అంటున్నారని రాశారు. మా ఇంట్లోనూ అదే మాట. గొడవెందుకని ఎకనామిక్స్ మేజర్, ఇది మైనర్ పెట్టుకున్నా.

కోతులూ ఉంటాయి, కాదనను. అసలిది మనుషుల గురించిన చదువు. మానవ పరిణామం, ఎముకలు, జన్యువులు ఒక భాగం, పురావస్తు శాస్త్రం ఇంకోటి, భాష ఇంకోటి. కానీ నన్ను పట్టేసింది మాత్రం బంధుత్వాల పాఠం. మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు గీస్తూ వంశవృక్షం వేయాలి. ఫీల్డ్‌వర్క్‌కి హైదరాబాద్ పక్కన శామీర్‌పేట దాటాక ఒక ఊరికి తీసుకెళ్లారు. (ఎస్.సి. దూబే అనే ఆంత్రోపాలజిస్టు శామీర్‌పేటని అధ్యయనం చేసి 1955లో పుస్తకం వేశారు, మా సార్ ఆ సంగతి రోజుకి రెండుసార్లు గుర్తుచేసేవారు.) అక్కడ ఒక అవ్వ "మా బావ" అంటే అక్క మొగుడనుకుని, లేని అక్కకో సున్నా గీసి పెళ్లి కూడా చేసేశా. మర్నాడు చూపిస్తే ఒకటే నవ్వు. "నాకు అక్కే లేదు బిడ్డా, ఆయన మా మేనత్త కొడుకు!" చిన్నప్పటినుంచీ అందరినీ అంకుల్, ఆంటీ అని పిలిచిన సిటీ పిల్లని, నాకేం తెలుస్తుంది? మనకి మేనమామా మామే, పిల్లనిచ్చిన మామా మామే, మేనత్తా అత్తే, మొగుడి తల్లీ అత్తే, ఎందుకంటే మేనరికం కుదిరితే ఆ ఇద్దరూ ఒక్కరే. పెదనాన్న పిల్లలు మాత్రం అన్నా చెల్లెళ్లు, అక్కడ పెళ్లి మాటే రాదు. దీన్నే ద్రావిడ బంధుత్వ పద్ధతి అంటారని పుస్తకంలో అంతకుముందే చదివా, పరీక్షలోనూ రాశా, అర్థమైంది మాత్రం అవ్వ నవ్వినప్పుడే.

ఉద్యోగాల సంగతికొస్తే, ఒట్టి డిగ్రీతో కష్టమే, ఎంఏ కావాలి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో దీనికి విభాగముంది. సివిల్స్ ఆప్షనల్‌గా రెండు పేపర్లు, 500 మార్కులు, మా క్లాసులో సగం మంది దానికోసమే వచ్చి ఫీల్డ్‌వర్క్ రోజు జ్వరమని సెలవు పెట్టారు. నేనిప్పుడు మాదాపూర్‌లో ఒక కంపెనీలో యూజర్ రీసెర్చ్ చేస్తున్నా, అంటే జనం యాప్ ఎలా వాడుతున్నారో వాళ్ల పక్కన కూర్చుని చూడటం. ఇంటర్వ్యూలో ఆంత్రోపాలజీ గురించి ఒక్క ప్రశ్న రాలేదు, రోజూ చేసేది మాత్రం అదే పని.

సిలబస్ చూసి తేల్చుకోకండి. నిజాం కాలంలో గోండుల, చెంచుల మధ్య తిరిగి రాసిన ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్ గురించి కాస్త చదవండి, మాసబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది, ఒకసారి చూసి రండి. తర్వాత కోఠి బస్టాప్‌లో ఫోన్ తీయకుండా రెండు గంటలు కూర్చుని, రాత్రికి చూసిందంతా రాయండి. అరపేజీకే విసుగొస్తే మైనర్ చాలు. పది పేజీలైనా ఇంకా ఏదో మిగిలిపోయిందనిపిస్తే మేజరే తీసుకోండి, ఇంట్లో రెండు నెలలు తిడతారు, అంతే.